మొటిమల గుంతలు: పెద్ద కోతలు లేకుండా తగ్గించుకోవడం ఎలా?

మొటిమల గుంతలతో క్లినిక్‌కు వెళ్ళేవాళ్ళలో చాలామంది ముందు అడిగేది "మీ దగ్గర ఏ లేజర్ ఉంది?" అని. అసలు అడగాల్సింది "నా మొహం మీద ఉన్నవి ఏ రకం గుంతలు?" అని. ఒకే బుగ్గ మీద మూడు రకాలు ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. సన్నగా లోతుగా దిగిన రంధ్రానికి పనిచేసేది, వెడల్పుగా పల్లం పడిన చోట పనిచేయదు. ఇది తెలియకుండా లేజర్ ప్యాకేజీ కొనేస్తే డబ్బు పోతుంది, గుంతలు మిగిలిపోతాయి. కాబట్టి మిషన్ సంగతి చివర్లో చూద్దాం.

ముందు మొటిమలు ఆగాలి

మొహం మీద చీము మొటిమలు ఇంకా వస్తుంటే గుంతల సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఒకటి సరిచేస్తుంటే పక్కన ఇంకోటి పడుతుంది. పైగా చీమున్న చోట సూదులు నడిపితే ఇన్‌ఫెక్షన్ చుట్టుపక్కలకు పాకుతుంది. మొటిమల్ని గిల్లే అలవాటుంటే అది కూడా మానాల్సిందే. చాలా గుంతలకు మొటిమ ఎంత కారణమో గోరు కూడా అంతే కారణం.

లోతైన మొటిమలకు డాక్టర్లు ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఇస్తారు. ఒకప్పుడు ఈ మాత్రలు ఆపి ఆరు నెలలు గడిస్తేగానీ ఏ ప్రొసీజరూ చేసేవారు కాదు. 2017లో వచ్చిన నిపుణుల సూచనలు ఆ నియమాన్ని సడలించాయి. యాసిడ్‌తో చర్మాన్ని పైపైన ఊడదీసే పీల్స్‌కు, చర్మాన్ని చుక్కలుగా మాత్రమే కాల్చే ఫ్రాక్షనల్ లేజర్లకు అంతకాలం ఆగాల్సిన పనిలేదన్నాయి. మిషన్‌తో చర్మాన్ని ఒరిసే డెర్మాబ్రేషన్‌కు, మొహం మొత్తం పై పొర తీసేసే లేజర్‌కు మాత్రం పాత జాగ్రత్తే వర్తిస్తుంది. మీరు ఈ మాత్రలు వాడుతున్నా, ఈమధ్యే ఆపినా ఆ తేదీ డాక్టరుకు చెప్పండి. ఆడవాళ్ళు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: ఈ మాత్రలు వాడుతున్నప్పుడు, ఆపాక కనీసం నెల రోజుల వరకు గర్భం రాకూడదు. బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి.

మందుల షాపులో "మొహానికి ఏదైనా మంచి క్రీమ్ ఇవ్వండి" అని తెచ్చుకున్న ట్యూబ్ ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్... వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టెరాయిడే. మొదట్లో మొహం నిగనిగలాడుతుంది. పోనుపోను చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు మళ్ళీ విరుచుకుపడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా అడిగిన వెంటనే చేతిలో పెట్టే షాపులకు కొదవలేదు. నెలల తరబడి వాడిన క్రీమ్‌ను ఒక్కరోజులో ఆపితే మొహం మండిపోతుంది. ఎలా ఆపాలో డాక్టరునే అడగండి, వాడిన సంగతి మాత్రం దాచకండి.

కిటికీ పక్కన, చేతి అద్దంతో

ట్యూబ్‌లైట్ కింద ఎదురుగా చూసుకుంటే సగం గుంతలు కనిపించవు. పొద్దున పూట కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా చూసుకోండి.

ముందు వేలితో తడమండి. చదునుగా ఉండి రంగు మాత్రమే తేడాగా ఉన్నవి గుంతలు కావు. గోధుమ రంగువి, నల్లవి మొటిమ మానాక మిగిలిన రంగు మచ్చలు. ఎర్రవి ఇంకా సర్దుకోని సన్నని రక్తనాళాల వల్ల వచ్చినవి. వీటికి సూదుల కన్నా ముందు కావాల్సింది సన్‌స్క్రీన్, డాక్టర్ రాసిచ్చే అజెలాయిక్ యాసిడ్ లేదా రెటినాయిడ్ క్రీమ్, కొన్ని నెలల ఓపిక. వట్టి రంగు మచ్చలతో వెళ్ళినవాళ్ళకు గుంతల ప్యాకేజీ అంటగట్టే చోట్లు ఉన్నాయి, కాబట్టి ఈ తేడా మీకు తెలిసి ఉండాలి.

తర్వాత రెండు వేళ్ళతో చర్మాన్ని రెండు పక్కలకూ మెల్లగా లాగండి. నాలుగైదు మిల్లీమీటర్లకు పైగా వెడల్పుండి, అంచులు ఇవీ అని తేల్చలేని పల్లాలు లాగినప్పుడు చాలావరకు చదునవుతాయి. వీటిని రోలింగ్ స్కార్స్ అంటారు. అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉండే గుంతలు బాక్స్‌కార్. అమ్మవారు పోసినవాళ్ళ మొహం మీద ఇలాంటివే కనిపిస్తాయి. రెండు మిల్లీమీటర్ల లోపు వెడల్పుతో, లోపలికి సన్నగా దిగిపోయి, ఎంత లాగినా కదలనివి ఐస్‌పిక్. మొటిమల గుంతల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే, మొండివి కూడా ఇవే.

తీవ్రతకు 2006లో గుడ్‌మన్, బారన్ అనే నిపుణులు ఇచ్చిన కొలతను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. దాంట్లోని అసలు ప్రశ్నలు రెండే. 50 సెంటీమీటర్ల దూరంలో నిలబడ్డ మనిషికి గుంతలు కనిపిస్తున్నాయా? లాగితే చదునవుతున్నాయా? దూరం నుంచి కనిపించనివి స్వల్పం. కనిపించినా లాగితే పోయేవి మధ్యస్థం. లాగినా పోనివి తీవ్రం. ఇంట్లో అన్నో చెల్లో ఉంటే ఆ దూరంలో నిలబెట్టి అడగండి. మన మొహం మనకు ఎప్పుడూ ఉన్నదానికన్నా ఘోరంగానే కనిపిస్తుంది.

గుంతలు కాకుండా ఉబ్బెత్తుగా పెరిగిన గట్టి మచ్చలు కూడా ఉంటాయి. దవడ అంచున, ఛాతీ మీద, భుజాల మీద ఎక్కువ. చర్మానికి దన్నుగా ఉండే పీచు ప్రోటీన్ కొల్లాజెన్. గుంతలో అది తక్కువ పడితే ఇక్కడ మరీ ఎక్కువైంది. అందుకే గుంతల చికిత్సలు వీటి మీద చేయకూడదు, ఇంకా పెరుగుతాయి. వీటికి ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్లు, సిలికోన్ జెల్ లేదా షీట్లు ఉన్నాయి. చెవి కుట్టించుకున్న చోట గడ్డ కట్టినా, టీకా మచ్చ ఉబ్బినా మీకు కీలాయిడ్ తత్వం, అంటే గాయం మానిన చోట మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే గుణం, ఉందని అర్థం. మొహానికి ఏ ప్రొసీజర్ మొదలుపెట్టే ముందైనా ఈ విషయం చెప్పాలి.

చివరగా అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు ఫొటోలు తీసిపెట్టుకోండి. ఫిల్టర్ వద్దు, బ్యూటీ మోడ్ ఆపేయండి.

మన చర్మానికి ఒక చిక్కుంది

1975లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా డాక్టరు ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్ని బట్టి ఒక వర్గీకరణ మొదలుపెట్టాడు. ఇప్పుడు అందులో ఆరు రకాలున్నాయి, తెలుగువాళ్ళలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఇలాంటి చర్మానికి వేడి తగిలినా, గాయమైనా ఆ చోట నల్లబడే గుణం ఎక్కువ. తెల్లతోలు మీద తీసిన ముందు, తర్వాత ఫొటోలు చూసి అంత గట్టి లేజర్ మనకూ కావాలనుకుంటే, గుంత తగ్గేలోపు దాని చుట్టూ నల్లమచ్చ తయారవుతుంది. ఒక్కసారిగా గట్టిగా కొట్టే పద్ధతి కన్నా తక్కువ మోతాదులో ఎక్కువ సిట్టింగులు మనకు మేలు. ఇక్కడ తొందరపెట్టే డాక్టరు కన్నా ఆచితూచి వెళ్ళే డాక్టరునే నేను నమ్ముతాను.

ఎవరి చేతిలో మొహం పెట్టాలి

బోర్డు మీద పేరు పక్కన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డెర్మటాలజీలో డీఎన్‌బీ ఉండాలి. "కాస్మెటాలజిస్ట్", "ఈస్థటిక్ ఫిజీషియన్" అన్న మాటలు స్పెషలిస్టు డిగ్రీలు కావు, కొన్ని వారాల కోర్సు చేసినవాళ్ళు కూడా పెట్టుకుంటారు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్ళలో సరిచూసుకోవచ్చు. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల చర్మవ్యాధుల విభాగంలో ముందు చూపించుకోండి. కింద చెప్పబోయే వాటిలో కొన్నింటికి పెద్ద మిషన్లు కూడా అక్కర్లేదు.

మొదటి రోజే ఇవి అడగండి: నాకున్నవి ఏ రకాలు, ఒక్కోదానికి ఏం చేస్తారు, సూది పట్టేది మీరా టెక్నీషియనా, నల్లబడితే ఏం చేస్తారు, మొత్తం ఖర్చు కాగితం మీద రాసిస్తారా? చెవి ముందు కొద్ది చోట టెస్ట్ ప్యాచ్ చేయమని కూడా అడగొచ్చు. "ఈరోజే కడితే డిస్కౌంట్" అన్నారంటే లేచి వచ్చేయండి.

వెడల్పు పల్లాలకు సబ్‌సిషన్

దూది పరుపుకు టాకా వేసిన చోట పైన పల్లం పడుతుంది కదా, రోలింగ్ గుంత కింద జరిగేది అదే. చర్మాన్ని లోపలి పొరలకు పీచులు కట్టిపడేస్తాయి. ఆ పీచులు తెగకుండా పైన ఎన్ని లేజర్లు కొట్టినా పల్లం లేవదు. సబ్‌సిషన్‌లో చేసేది ఆ పీచుల్ని తెంచడమే. 1995లో అమెరికాలో డేవిడ్, నార్మన్ ఆరెన్‌ట్రైక్ ఈ పేరుతో దీన్ని వివరించారు.

కూర్చోబెట్టి, పక్కనుంచి లైటు వేసి, పల్లాల చుట్టూ పెన్నుతో గీతలు గీస్తారు. తర్వాత మత్తు ఇంజెక్షన్. ఒక చిన్న రంధ్రం గుండా పదునైన సూది గానీ మొన మొద్దుగా ఉన్న క్యాన్యులా గానీ చర్మం కిందకు దూర్చి అటూ ఇటూ కదుపుతారు. పీచులు తెగేటప్పుడు కరకరమని శబ్దం మీ చెవికి వినిపిస్తుంది. నొప్పి ఉండదు గానీ, ముందే తెలియకపోతే ఆ శబ్దానికి హడలిపోతారు. క్యాన్యులాతో కమిలేది కొంత తక్కువ. కణతల దగ్గర, దవడ అంచున మొహాన్ని కదిలించే నరాల కొమ్మలు పైపైనే పోతాయి కాబట్టి అక్కడ చేయి తిరిగినవాళ్ళే చేయాలి.

తర్వాత వారం నుంచి రెండు వారాలు మొహం కమిలి, వాచి ఉంటుంది. నీలంగా మొదలై ఆకుపచ్చ, పసుపు రంగులకు తిరిగి పోతుంది. చర్మం కింద చిన్న గట్టి ఉండల్లా తగిలితే బెంగపడకండి, చాలావరకు వాటంతటవే కరుగుతాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపేయకండి. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఇంకో ఒకటి రెండుసార్లు చేయాల్సి రావచ్చు.

సబ్‌సిషన్‌కు హోర్డింగు మీద వేసుకోడానికి మెరిసే మిషన్ లేదు. ప్రకటనల్లో ఇది పెద్దగా కనిపించకపోవడానికి అదే కారణమని నా అనుమానం. రోలింగ్ గుంతలున్న మనిషికి దీని ఊసెత్తకుండా లేజర్ మాత్రమే చెప్పారంటే ఎందుకని అడగండి.

సన్నని లోతు రంధ్రాలకు క్రాస్

ఐస్‌పిక్ గుంతల అడుగుకు చర్మం మీద దొర్లించే రోలర్ సూదులు సరిగా అందవు. 2002లో కొరియా డాక్టర్లు ప్రచురించిన క్రాస్ అనే పద్ధతి దీనికి పనికొస్తుంది. గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌ను, వాళ్ళు వాడింది 65 శాతం, 100 శాతం, చెక్క పుల్ల మొనతో గుంత అడుగున మాత్రమే తాకించి నొక్కుతారు. క్షణాల్లో ఆ చుక్క తెల్లబడుతుంది. రెండు మూడు రోజుల్లో పక్కు కట్టి వారం లోపు రాలుతుంది. లోపల కొత్త కొల్లాజెన్ పడి గుంత అడుగు మెల్లగా పైకొస్తుంది. నెల, నెలన్నర ఎడంతో మూడు నుంచి ఆరుసార్లు పడుతుంది.

చుక్క అంచు దాటితే గుంత ఇంకా వెడల్పవుతుంది, రంగు మారుతుంది. అందుకే మన చర్మం మీద కొందరు డాక్టర్లు తక్కువ గాఢతతో మొదలుపెడతారు. ఈ యాసిడ్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా, పుల్ల మన దగ్గరే ఉంది కదా అనుకోకండి. చర్మం కాలితే వచ్చే మచ్చ మొటిమల గుంతకన్నా చాలా మొండిది. కంట్లో పడితే ఇక చెప్పేదేముంది.

లోతైన బాక్స్‌కార్ గుంతలకు పంచ్ పద్ధతి ఉంది. గుంత కొలతకు సరిపోయే చిన్న గుండ్రని బ్లేడుతో దాన్ని తీసి కుట్టేయడమో, అడుగు భాగాన్ని పైకి లేపి నిలబెట్టడమో చేస్తారు. కుట్లు వేస్తే సుమారు వారానికి తీసేస్తారు. గుంతలు పదీ పదిహేను లోపుంటే ఆలోచించదగ్గది. లోతు తక్కువైన బాక్స్‌కార్‌కు కింద చెప్పేవి చాలు.

మొహం మొత్తానికి: సూదులా, లేజరా?

మైక్రోనీడ్లింగ్‌లో 1.5 నుంచి 2.5 మిల్లీమీటర్ల సూదులున్న రోలర్ లేదా పెన్‌తో చర్మానికి వేల సన్నని పోట్లు పొడుస్తారు. చర్మం ఆ గాయాల్ని మాన్పుకునే క్రమంలో కొత్త కొల్లాజెన్ తయారుచేస్తుంది. ముందు మత్తు క్రీమ్ రాసి ముప్పావుగంట నుంచి గంట కూర్చోబెడతారు. చేస్తున్నప్పుడు సన్నని రక్తపు చుక్కలు కనిపిస్తాయి, రెండు మూడు రోజులు ఎర్రగా ఉంటుంది. పై పొరను ఊడదీయదు కాబట్టి నల్లబడే ప్రమాదం తక్కువ. మన చర్మానికి మొదటగా ఎంచుకోదగ్గది ఇదే. నాలుగు నుంచి ఆరు వారాలకొకటి చొప్పున మూడు నుంచి ఆరు సిట్టింగులు.

ఎంఎన్‌ఆర్‌ఎఫ్ అంటే అవే సూదుల మొనల గుండా రేడియో తరంగాల వేడిని లోపలి పొరకు పంపడం. సూది ఒంటికి ఇన్సులేషన్ ఉన్న మిషన్‌లో పై పొరకు వేడి తగలదు. ఖర్చు ఎక్కువ, ఫలితం కూడా కొంత మెరుగు.

ఫ్రాక్షనల్ లేజర్ 2004 నుంచి వాడుకలోకి వచ్చింది. చర్మాన్నంతా కాల్చకుండా సన్నని నిలువు చుక్కలుగా కాల్చి, మధ్యలో బాగున్న చర్మాన్ని వదిలేస్తుంది. వదిలేసిన చర్మం నుంచే గాయం త్వరగా మానుతుంది. 10,600 నానోమీటర్ల సీఓటూ లేజర్ ఒక్కో సిట్టింగుకు బలంగా పనిచేస్తుంది గానీ వారం రోజులు మొహం ఎర్రగా, ఇసుకలా పొట్టు రాలుతూ ఉంటుంది. నల్లబడే అవకాశం సూదుల కన్నా ఎక్కువ. చుక్కల సాంద్రత తక్కువ పెట్టి చేయమని అడగండి.

మీ రక్తాన్నే తీసి, మిషన్‌లో గిర్రున తిప్పి ప్లేట్‌లెట్లున్న భాగాన్ని వేరుచేసి వాడే పీఆర్పీ వీటికి తోడుగా కొంత సాయం చేస్తుంది. ఒక్కదాన్నే గుంతల మందుగా అమ్మితే కొనకండి. చర్మం కింద సూదితో నింపే హయాలురోనిక్ ఫిల్లర్ జెల్ వెంటనే పల్లాన్ని లేపుతుంది, ఏడాది అటూఇటూగా కరిగిపోతుంది. ఫిల్లర్ వేశాక చర్మం పాలిపోయి విపరీతంగా నొప్పి పుట్టినా, చూపు మసకబారినా రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారాక చూద్దామనుకోకుండా ఆ క్షణమే డాక్టరును చేరాలి. కరిగించే మందు హయాలురోనిడేజ్ ఆ క్లినిక్‌లో సిద్ధంగా ఉందా అని సూది వేయకముందే అడగాలి.

వరస, క్యాలెండరు

సాధారణంగా ముందు సబ్‌సిషన్‌తో పీచులు తెంచి, తర్వాత లోతు రంధ్రాలకు క్రాస్, ఆపైన మొహం మొత్తానికి సూదులో లేజరో. కొందరు డాక్టర్లు ఒకే రోజు రెండు కలిపి చేస్తారు, అది మీ చర్మాన్ని బట్టి. కొల్లాజెన్ గట్టిపడటానికి చివరి సిట్టింగు తర్వాత కూడా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అంటే పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నాక పరుగెత్తితే కుదరదు. ఏడాది ముందు మొదలుపెట్టి, పెళ్ళికి కనీసం మూడు నెలల ముందే చివరిది ముగించేయాలి. నలుగు, పసుపు మొహానికి పెట్టే సమయానికి చర్మం పూర్తిగా మాని ఉండాలి. ఎండలో తిరిగే ఉద్యోగమైతే లేజర్ లాంటివి వానాకాలం చివర్లోనో చలికాలంలోనో మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు.

ఆ రోజు, ఆ తర్వాతి వారం

వారం ముందు రెటినాయిడ్, గ్లైకోలిక్ క్రీములు ఆపమంటారు. మొహం మీద వాక్సింగ్, బ్లీచ్, థ్రెడింగ్ కూడా వద్దు. పెదాల దగ్గర నీటిపొక్కులు, అంటే హెర్పిస్, ఎప్పుడైనా వచ్చి ఉంటే చెప్పండి, ముందుగానే మాత్రలు ఇస్తారు. లేకపోతే చికిత్స చేసిన మేరంతా పొక్కులు పాకుతాయి.

చేయించుకున్న రోజు బైకు మీద ఒంటరిగా వెళ్ళకండి. హెల్మెట్ నురుగు, పట్టీ పచ్చి చర్మానికి రాసుకుంటాయి. ఆటోనో కారో మాట్లాడుకోండి. ఇంటికొచ్చాక వాళ్ళిచ్చిన ఆయింట్‌మెంట్, మామూలు నీళ్ళు, మెత్తని క్లెన్సర్ చాలు. పసుపు, వేపాకు, నిమ్మరసం, కలబంద గుజ్జు ఎవరెంత ప్రేమగా చెప్పినా రాయకండి. వేల రంధ్రాలున్న చర్మంలోకి అవన్నీ నేరుగా దిగుతాయి. పక్కు గిల్లకండి. మూడు నాలుగు రోజులు చెమట పట్టే వ్యాయామం, ఈత, ఆవిరి పట్టడం మానండి. మగవాళ్ళు పక్కు రాలేదాకా గడ్డం గీసుకోకూడదు.

చర్మం మూసుకున్నాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ రాయాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెడితే మొహానికి, మెడకు సరిపోయేంత వస్తుంది. బయటుంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ అయితే నల్లబడటాన్ని ఇంకా బాగా ఆపుతుంది. ఎరుపు తగ్గకుండా పెరుగుతూ, వేడిగా, చీముతో ఉన్నా, జ్వరం వచ్చినా వాట్సాప్‌లో ఫొటో పంపి ఊరుకోకుండా వెళ్ళి చూపించుకోండి.

ఇంట్లో వాడుకునే రోలర్ల గురించి ఒక్క మాట. పొట్టి సూదుల రోలర్ గుంతల లోతుకు చేరదు. పొడుగు సూదులది ఇంట్లో శుభ్రంగా ఉంచడం కుదరదు. హాస్టల్లో ఒకే రోలర్‌ను నలుగురు వాడుకుంటే హెపటైటిస్ బి, హెచ్ఐవి కూడా అంటుకోగలవు.

ఎంత తగ్గితే తగ్గినట్టు?

నూటికి నూరు శాతం పోయే గుంతలు అరుదు. సగం, ఇంకాస్త పైన తగ్గాయంటే బాగా పనిచేసినట్టే. ప్రతి మూడు నెలలకోసారి అదే కిటికీ దగ్గర మళ్ళీ ఫొటోలు తీసి పాతవాటి పక్కన పెట్టి చూడండి. రోజూ అద్దంలో చూస్తే తేడా తెలియదు. మూడు సిట్టింగులై, ఆపైన మూడు నెలలు గడిచినా ఫొటోల్లో మార్పు లేకపోతే నాలుగో సిట్టింగుకు డబ్బు కట్టకండి. ఆ ఫొటోలు తీసుకెళ్ళి, గుంత రకాన్ని మళ్ళీ చూసి పద్ధతి మార్చమని అడగండి. అక్కడ వినకపోతే ఇంకో చర్మ డాక్టరుకు చూపించుకోండి.